టంకశాల తాళాలు కార్టూనిస్టులకే ఇవ్వాలి

ఆర్థిక శాస్త్రం మీద నాకున్న అపార గౌరవం కొద్దీ ఈ ప్రతిపాదన చేస్తున్నాను. నోట్లు అచ్చువేసే అధికారాన్ని బ్యాంకుల నుంచి లాక్కుని కార్టూనిస్టులకు కట్టబెట్టాలి. తొందరపడి నవ్వకండి. 1837 నాటి అమెరికాను సాక్ష్యానికి పిలుస్తున్నాను.

అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు బ్యాంకులంటే ఒళ్లుమంట. 1832లో జాతీయ బ్యాంకు గడువు పొడిగింపును వీటో చేశాడు. సర్కారు సొమ్మును అందులోంచి తీసి తనకు నచ్చిన బ్యాంకుల్లో వేయించాడు. 1836లో ప్రభుత్వ భూమి కావాలంటే కాగితాలు కాదు, బంగారమో వెండో తెమ్మన్నాడు. ఇంత చేసి మరుసటి మార్చిలో హాయిగా ఇంటికి వెళ్లిపోయాడు. మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు నాణేలివ్వలేమని చేతులెత్తేశాయి. పాపం, కొత్త అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ అప్పుడే కుర్చీలో సర్దుకుంటున్నాడు. ఈ సంక్షోభానికి లండన్ వడ్డీ రేట్లు, పత్తి ధర పతనం కూడా కారణాలే. కానీ వాటికి ముక్కూ మొహం ఉండవు, బొమ్మ గీయడం కష్టం.

ఆ ఏడాది ఎడ్వర్డ్ విలియమ్స్ క్లే గీసిన 'ది టైమ్స్' అనే కార్టూన్ చూడండి. ఆకాశంలో సూర్యుడికి బదులు జాక్సన్ టోపీ, కళ్లద్దాలు, పొగ తాగే పైపు ధగధగలాడుతుంటాయి. కింద కస్టమ్స్ కార్యాలయం: 'బాకీలన్నీ నాణేల్లోనే చెల్లించాలి'. ఆ పక్కనే బ్యాంకు: 'ఇక్కడ నాణేలు ఇవ్వబడవు'. రెండు బోర్డుల నడుమ చెప్పుల్లేని నావికుడు, పని లేని తాపీమేస్త్రీ, వడ్రంగి. తాకట్టు కొట్టు మాత్రం పెళ్లివారిల్లులా కళకళలాడుతోంది.

చిల్లర కరువై దుకాణాలూ పురపాలికలూ సొంతంగా బుల్లి నోట్లు అచ్చేసుకున్నాయి. జనం వాటిని షిన్‌ప్లాస్టర్ అన్నారు, అంటే ముంగాలి పుండుకు వేసే పట్టీ. అదే అదనుగా హెన్రీ ఆర్. రాబిన్సన్ అనే ప్రచురణకర్త అచ్చం అలాంటి 50 సెంట్ల నోటు ఒకటి వేశాడు. అందులో జాక్సన్ పంది నెక్కి, బంగారు సీతాకోకచిలుక కోసం చేయి చాపి, కొండ అంచు వైపు దౌడు తీస్తుంటాడు. వెనకాలే గాడిద మీద, నాణేల విషయంలో ఆయనకు వంతపాడే సెనేటర్ బెంటన్. వాన్ బ్యూరెన్ మాత్రం గురువుగారి అడుగుజాడల్లోనే నడుస్తానంటూ, ప్రస్తుతానికి కాస్త పక్కకు తప్పుకుంటాడు.

అసలు నోట్లిచ్చినవారిలో ఎందరో మట్టిలో కలిశారు. రాబిన్సన్ నోటు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. చెల్లుతుందని ఆయన ఎన్నడూ మాటివ్వలేదు, కాబట్టి మాట తప్పనూ లేదు. ఏ బ్యాంకరుకుంది ఆ నిజాయితీ?

నా ప్రతిపాదన ప్రత్యర్థులు అమెరికన్ కార్టూనిస్టు థామస్ నాస్ట్ పేరు ఎత్తుతారని తెలుసు. బంగారం దన్ను లేని నోట్లు కావాలన్నవారిని వెక్కిరిస్తూ 1876లో ఆయన ఒక బొమ్మ గీశాడు: పసిపాపకు పాలకు బదులు 'ఇది పాలే' అని రాసిన చీటీ ఇస్తున్నారు, అదీ చట్టప్రకారం. దేశానికి ఇంత చక్కగా బుద్ధి చెప్పిన మనిషి, తన సొమ్మును మాజీ అధ్యక్షుడు గ్రాంట్ పేరున్న గ్రాంట్ అండ్ వార్డ్ అనే వాల్‌స్ట్రీట్ సంస్థలో పెట్టాడు. 1884 మేలో అది దివాలా తీసింది.

అందుకని నా ప్రతిపాదనకు చిన్న సవరణ. కార్టూనిస్టులు నోట్లు అచ్చువేయవచ్చు. దాచే బాధ్యత మాత్రం వాళ్ల ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి.