అటకెక్కిన చీరలు, బోడి గోడలు

అమెరికాలో మనవాళ్ల ఇంటికి వెళ్తే దేవుడి గది చూడగానే తెలుగువారిల్లని తెలిసిపోతుంది. హాల్లో కూర్చుంటే మాత్రం ఎవరిల్లో చెప్పడం కష్టం. బిల్డరు వేసిచ్చిన బూడిదరంగు గోడ, దానికి ఏ దుకాణంలోనైనా దొరికే ఆకుల బొమ్మ, కింద మళ్లీ బూడిదరంగు సోఫా. క్లాజెట్ పైఅరలో చూస్తే రెండు సూట్‌కేసుల నిండా పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కలు. గరాజ్‌లో న్యూస్‌పేపరు చుట్టిన కొండపల్లి బొమ్మలు. ఇల్లు కాస్త కొత్తగా కనబడాలనిపించగానే మనం కారు తీసి షాపుకి బయల్దేరతాం. ముందు ఆ సూట్‌కేసు దింపండి, ఆ చీరలతోనే కిటికీ తెరలు కుట్టుకోవచ్చని మా మాట. ఊరికే మాట చెప్పి ఊరుకోకుండా కొలతలు కూడా ఇస్తున్నాం.

అయితే చీరకన్నా ముందు బల్బు మార్చాలి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి హాలు సీలింగులో దీపమే ఉండదు, గోడ మీది స్విచ్చి ఒక ప్లగ్గుకి కలిపి ఉంటుంది. ట్యూబులైటు కింద పెరిగిన అలవాటుకొద్దీ 5000 కెల్విన్ తెల్ల బల్బు తెచ్చి ఓ మూల స్టాండు లైటుకి బిగిస్తాం. ఆ వెలుగులో పసుపు పాలిపోతుంది, ఎరుపు చచ్చిపోతుంది, ఇత్తడి కుందె సత్తుగిన్నెలా కనబడుతుంది. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వెళ్తుంది, హాలుకి 2700 తీసుకోండి. 800 ల్యూమెన్లంటే పాత 60 వాట్ల బల్బంత వెలుగు. డబ్బా మీద సీఆర్ఐ 90కి పైన ఉందో లేదో చూడండి, రంగులు నిజంగా ఉన్నట్టు కనబడాలంటే అదే ముఖ్యం. అలాంటి దీపాలు మూడు, మూడు ఎత్తుల్లో పెట్టాలి. ఒకే గదిలో తెల్ల వెలుగూ పసుపు వెలుగూ కలిపితే రెండూ మురికిగా ఉంటాయి. కూరగాయలు తరిగే చోట మాత్రం తెల్ల వెలుగే ఉంచుకోండి, అక్కడ అందంతో పని లేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు లాంప్‌షేడ్లు కూడా చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు తెచ్చుకోదగ్గ వస్తువు ఇది, బరువుండదు. మేకతోలు కాబట్టి పాత తరహా ఫిలమెంటు బల్బు వేడికి ముడుచుకుపోతుంది. లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి, బల్బుకీ తోలుకీ మధ్య మూడు నాలుగంగుళాలు ఖాళీ ఉంచాలి. తడిగుడ్డ తగలనివ్వకూడదు.

ఇక నూలు చీర. ఆరు గజాలంటే 216 అంగుళాలు, పన్నా సుమారు 45. కిటికీకి రెండు తెరలు కావాలి, చీరని రెండుగా కోస్తే సరిపోతుందనుకుంటాం. కోసేముందు మూడు పనులున్నాయి. మొదటిది, గంజి పూర్తిగా పోయేలా ఉతకడం. రెండోది, కుంగేదేదో ముందే కుంగిపోయేలా డ్రైయర్‌లో ఆరబెట్టడం. మూడోది, మళ్లీ కొలవడం. నూలు చీర నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంగుతుంది, అంటే చేతికి 208 దాకా మిగులుతుందనుకోండి. ఉతక్కుండా కుట్టేస్తే మొదటి ఉతుకుకే తెర నేలకి నాలుగంగుళాలు పైకి లేచి, పొట్టి పంట్లాం తొడుక్కున్నట్టుంటుంది.

కిటికీ చట్రానికి ఐదంగుళాలు పైన, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు బయటికి వచ్చేలా రాడ్డు కొట్టండి. చాలా ఇళ్లలో అది నేలనుంచి 86 అంగుళాల దగ్గర పడుతుంది. కింద మడతకి ఐదు, పైన రాడ్డు గొట్టానికి నాలుగు కలిపితే ఒక్కో తెరకి 95. రెంటికీ 190 పోగా 18 మిగులుతుంది. ఆ మిగిలేది కొంగు వైపు నుంచే తీసుకోవాలి. సగానికి సగం కోసేస్తే ఒక తెరకి కొంగు ఉండి రెండోది బోసిగా వేలాడుతుంది. 18 అంగుళాల కొంగు ముక్క అడ్డంగా చుట్టి మడిస్తే 18 అంగుళాల దిండుకి గలీబు అవుతుంది. రెండు పక్కలా అరంగుళం చొప్పున కుట్టు పోగా 17కి వస్తుంది, దిండు బిగుతుగా నిండి బాగుంటుంది.

చీర అంచులు తెరకి రెండు పక్కలా నిలువుగా దిగుతాయి. నేతలోనే కట్టుబడిన అంచు కాబట్టి పక్కల కుట్టక్కర్లేదు, సగం పని తగ్గినట్టే. రెండు తెరలూ కలిపి 90 అంగుళాల పన్నా. 48 నుంచి 60 అంగుళాల రాడ్డుకి కుచ్చులు బాగా పడతాయి. 72 అంగుళాల పేటియో తలుపుకి ఒక్క చీర చాలదు, దుప్పటి ఆరేసినట్టుంటుంది. వెనక తెల్లటి పాత బెడ్‌షీటు లైనింగుగా వేయండి, దాన్ని కూడా ముందే ఉతికి. పైన మాత్రమే కుట్టి కింద వదిలేయాలి. రెండు బట్టలూ ఒకేలా కుంగవు కాబట్టి కిందకూడా కుట్టేస్తే అలలు తేలుతుంది.

మిషను లేనివాళ్లు ఇస్త్రీతో అంటుకునే టేపు వాడతారు. గంజి మిగిలుంటే ఆ టేపు పట్టదు, వారానికే ఊడుతుంది. చాలామంది టేపుని తిడతారు గాని తప్పు గంజిది. కోయడానికి మనసొప్పకపోతే, తొమ్మిదడుగుల సీలింగున్న గదిలో రాడ్డుని పైదాకా ఎక్కించి చీరని మధ్యకి మడిచి వేయండి. ఒక చీర, రెండు పొరల తెర, కత్తెరతో పని లేదు. అమ్మ పెట్టిన చీర కోస్తారా అని కోప్పడేవాళ్లకి ఇదే మా జవాబు. మడతల్లో చీకిపోయే చీర అమ్మకి మాత్రం ఏం గౌరవం?

అన్ని చీరలూ పనికిరావు. మంగళగిరి భేషుగ్గా ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌లో ఎరుపు, నలుపు మొదట్లో రంగు దిగుతాయి, విడిగా చల్లనీళ్లలో నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. గద్వాల్ వద్దు, ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ రెండు తీర్లుగా కుంగి అంచు ముడుచుకుంటుంది. పట్టు అసలే వద్దు. ఎండ పట్టుని తినేస్తుంది, జరీ ఉన్నచోట మడత మీదే చిట్లుతుంది. సహజ రంగుల కలంకారీని దక్షిణం కిటికీకి కట్టకండి, రెండు వేసవుల్లో వెలిసిపోతుంది. దాన్ని ఎండ పడని గోడకి ఫ్రేము కట్టించుకోండి. త్రిఫ్ట్ స్టోర్‌లో పాత ఫ్రేములు నాలుగైదు డాలర్లకి దొరుకుతాయి. బట్టని జిగురుతో అంటించవద్దు, ఏడాదికి పసుపు మరక పైకి తేలుతుంది. బట్ట అంచుల్ని అట్ట వెనక్కి మడిచి దారంతో అటూ ఇటూ లాగి కుట్టేస్తే చాలు.

ఫ్రేము మధ్యభాగం నేలనుంచి 57 అంగుళాల దగ్గర ఉండాలి. మనం దేవుడి పటాల అలవాటుతో అన్నీ తలెత్తి చూసేలా కొడతాం. అద్దె ఇల్లయితే అంటుకునే పట్టీలు వాడొచ్చు గాని వంటగది పక్క గోడ మీద అవి రాత్రికి రాత్రే ఊడి పడతాయి. కారణం పట్టీ కాదు, పోపు. కంటికి కనపడని నూనెపొర గోడంతా ఉంటుంది. రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, అర నిమిషం గట్టిగా అదిమి, గంటాగి అప్పుడు బరువు తగిలించాలి. గరుకు గోడకి ఎంత తుడిచినా పట్టదు. తీసేటప్పుడు పట్టీని గోడకి ఆనించి కిందికి లాగాలి, ముందుకి లాగితే పెయింటు ఊడొస్తుంది, దాంతో డిపాజిట్టూ పోతుంది.

కొండపల్లి బొమ్మల్ని టీవీ పక్కన ఒకటి, మెట్ల దగ్గర ఒకటి పెడితే తప్పిపోయిన పిల్లల్లా ఉంటాయి. బొమ్మల కొలువు పెట్టేవాళ్లకి ఎవరూ ఈ పాఠం చెప్పక్కర్లేదు: అన్నీ ఒక్కచోట, మెట్లుగా, ఎత్తువి వెనక. ఆరంగుళాల లోతున్న ఒకే అర, చెప్పుల పెట్టెలకి జాకెట్టు ముక్కలు చుట్టి మెట్లు, అంతే. తెల్ల పొణికి తేలికైన చెక్క, అతుకులు చింతగింజల మక్కుతో పెట్టినవి. హీటరు గాలి వచ్చే జాలీకి దూరంగా పెట్టండి. ఆ ఎండుగాలికి అతుకులు విడతాయి. దుమ్ము మెత్తటి కుంచెతో దులపాలి, నీళ్లు తగలకూడదు.

జనవరిలో గుమ్మం ముందు అడుగు మంచుంటే ముగ్గెక్కడ వేస్తాం? రెండడుగుల చదరపు ప్లైవుడ్డు కోయించుకోండి. 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు ఒక పూత, జాజు రంగు రెండు పూతలు వేయండి. సుద్దతో రెండంగుళాలకో చుక్క పెట్టి, తెల్ల పెయింటు పెన్నుతో గీయండి. ఒకరోజంతా ఆరాకే వార్నిషు, లేకపోతే కుంచె కింద ముగ్గు అలికినట్టవుతుంది. వార్నిషు నీళ్లలో కలిసే రకమే తీసుకోవాలి. నూనెది వేస్తే ఏడాదిలో తెల్ల గీతలు పచ్చబడతాయి.

ఇక్కడి మన తెలుగు సంఘానికో మాట. సంక్రాంతి వేదికకి కట్టిన బట్టలు మర్నాడే చెత్త డబ్బాలోకి పోతున్నాయి. డ్రిల్లు, గోడ లోపలి కర్రల్ని పట్టిచ్చే స్టడ్‌ఫైండరు, కుట్టుమిషను ఇంటింటా కొనుక్కుని ఏడాదికొక్కసారి వాడుతున్నాం. ఈసారి సంబరాల్లో గాజుల దుకాణం పక్కన ఇంకో బల్ల వేద్దాం. కట్టని చీరలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక వైపు, పరికరాలు అరువు తీసుకోవడానికి ఒక వైపు, కుట్టడం వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు. చీరలు తెచ్చేవాళ్లు గంజి వదిలించి తెండి.