వేర్లపై విచారణ జరపాల్సిందే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భూమి అడుగున ఒక అక్రమ వ్యవహారం నడుస్తోంది. ఇంతవరకూ ఏ నాయకుడూ దీనిపై నోరు విప్పలేదు. పొదలకూరు నిమ్మతోటలు, ప్రకాశం వైపు కందిచేలు శిలీంధ్రాలతో చేతులు కలిపి భాస్వరం తెప్పించుకుంటున్నాయి. లైసెన్సు లేదు, బిల్లు లేదు, ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర లేదు. స్కాట్లాండులోని రైనీ దగ్గర దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ బాగోతం ఆనవాళ్లున్నాయట. పాత నేరం కదా అని వదిలేస్తామా?

ముందు పిలిచేది మొక్కే. భాస్వరం చాలకపోతే వేరు స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. శిలీంధ్రం అది పసిగట్టి, తన ఆనవాలుగా కొన్ని అణువులు పంపుతుంది. వేరు కణం పైపొరలో ఉండే గ్రాహక ప్రొటీన్లు వాటిని తనిఖీ చేస్తాయి. సరేననుకుంటే కణకేంద్రకంలో కాల్షియం ఉండుండి ఎగిసిపడుతుంది. సీసీఏఎంకే అనే ప్రొటీన్ ఆ ఎగుడుదిగుళ్లను చదివి, సైక్లాప్స్ అనే మరో ప్రొటీన్ మీద ముద్ర వేస్తుంది. ఆ ముద్ర కూడా ఫాస్ఫేటుదే, అంటే భాస్వరం సరుకే! అంతే, జన్యువులు పని మొదలుపెడతాయి. ఇన్ని బల్లలు దాటిన ఫైలుకు ఎక్కడా టీ ఖర్చులు అడగలేదంటే అనుమానించాల్సిందే.

లోపల జరిగేది ఇంకా దారుణం. శిలీంధ్రం కణంలో చిన్న చెట్టులా కొమ్మలేస్తుంది. మొక్క మాత్రం తన పొరను కొమ్మకొమ్మకూ చుట్టి, అతిథిని గడప అవతలే ఉంచుతుంది. ఆ పొర మీద పీటీ4 అనే ప్రొటీన్ కూర్చుని, వచ్చిన ఫాస్ఫేటును లోపలికి చేరవేస్తుంది. మెడికాగో అనే పప్పుజాతి మొక్కలో ఈ ప్రొటీన్‌ను పనిచేయకుండా చేస్తే ఆ కొమ్మలు అర్ధాయుష్షుతో కరిగిపోయాయి. సరుకు అందకపోతే కాపురం లేదన్నమాట! కొవ్వు ఆమ్లాలు సొంతంగా తయారుచేసుకోలేక మొక్క పెట్టిందే తినే శిలీంధ్రం మీద ఇంత కర్కశమా? మనం చూడండి, మొలకెత్తని విత్తనాలు ఇచ్చిన వాడికే మరుసటి ఏడాదీ అడ్వాన్సు ఇస్తాం.

ఇక అసలు ద్రోహం. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో భాస్వరం, పీ2ఓ5 (భాస్వరం ఆక్సైడు) లెక్కన, 46 శాతం. దాన్ని దుక్కిలో దండిగా వేస్తే మొక్కలోని ఎస్‌పీఎక్స్ ప్రొటీన్లు మేలుకుని, శిలీంధ్రాన్ని పిలిచే జన్యువుల నోరు నొక్కేస్తాయి. అలా ఇంటి పనివాణ్ని వెళ్లగొట్టాక, ఆ పని చేయడానికి మళ్లీ బస్తా కావాలి. పోయినేడు వేసిన భాస్వరంలో చాలా భాగం నల్లరేగడిలో సున్నంతో కలిసి బిగుసుకుని అక్కడే ఉంది. ఉంటే ఉండనీ, వ్యాపారం సాగాలి కదా.

ఆ బస్తా కోసం షాపుకెళ్తే, కౌంటర్ మీద పక్కన ఒక జింకు సీసా ప్రత్యక్షం.

"ఏందన్నా, నేనడిగింది డీఏపీ గదా?"

"లింకు ఉందన్నా. ఇది తీసుకోకుంటే అది రాదు."

ఆ సీసా పక్కనే వ్యామ్ ప్యాకెట్టు కూడా ఉంటుంది. వ్యామ్ అంటే మరేం కాదు, ఇందాకటి శిలీంధ్రమే. దాన్ని పొమ్మనే మందు, రమ్మనే మందు ఒకే బిల్లు మీద. వేర్లకు ఈ పాటి సమన్యాయం తెలుసా?

ఒంగోలు పొగాకు రైతును అడగండి, వేరు గుట్టు ఎలా బయటపడుతుందో చెబుతాడు. శిలీంధ్రాన్ని పిలిచే రసాయనాలే పొగాకు మల్లె అనే పరాన్నజీవి కలుపు విత్తనాలకూ వినిపిస్తాయి. మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతున్న అవి లేచి, వేరును పట్టుకుని పీల్చేస్తాయి. ఇంత అజాగ్రత్తగా మాట్లాడే వేరుకు షోకాజ్ నోటీసు ఇవ్వకూడదా?

ఆవాలు, క్యాబేజీ మాత్రం ఈ ముఠాలో లేవు. ఈ స్నేహానికి కావాల్సిన జన్యువులను అవి ఎప్పుడో వదిలించుకున్నాయి. వచ్చే ఆగస్టు 15న రెండు జిల్లాల తరఫున వాటికి ఉత్తమ పంట పురస్కారం ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాను. ఇక్కడ వాటిని పెద్దగా ఎవరూ వేయరన్న సాంకేతిక కారణం చూపి పక్కన పెట్టొద్దు.