అవును, ఆ ‘అనుమానాస్పద మహిళ’ను నేనే

పొద్దున తొమ్మిదిన్నర నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతోంది. బండ కింద చెయ్యి దూర్చి వంగి ఉన్న ఒక ఆడమనిషి, వెనక నుంచి తీసింది. కింద "గుట్ట మీద అనుమానాస్పద మహిళ, గుప్తనిధుల ముఠా అయ్యుండొచ్చు, పిల్లలు జాగ్రత్త" అని రాశారు. పిల్లలకీ గుప్తనిధులకీ సంబంధం ఏమిటో ఆ రాసినాయనకే తెలియాలి.

ఆ మెరూన్ కుర్తా నాది. ఆ చెయ్యీ నాదే. నేను గుట్ట దిగేలోపే ఆ ఫొటో మా అత్తయ్య ఫోనుకి చేరిపోయింది. గుమ్మంలోనే అడిగారు, "ఏమైనా దొరికిందా?" అని. వెటకారమో, నిజంగానే అడిగారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సంగతేంటంటే, పోయిన నెల రెండు ఆదివారాలు ఆఫీసుకి తగలడ్డందుకు ఇవాళ మంగళవారం కాంప్ ఆఫ్ ఇచ్చారు. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. సెలవంటే గ్యాస్ కేవైసీ, ఆధార్ అప్‌డేట్, ఇడ్లీపిండి అని మీకు చెప్పక్కర్లేదు. ఆ లిస్టు రాత్రే ఫ్రిజ్ మీద అతికించి ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, బూట్లేసుకుని, ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న గుట్టకి వెళ్ళాను, జియోకాషింగ్ ఆడటానికి. ‘ఆడటానికి’ అన్న మాట దగ్గరే సగం మందికి నా మీద గౌరవం పోయుంటుంది. పోనివ్వండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఎవరో ఒక డబ్బా దాచి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న కాగితం మీద పేరూ తేదీ రాసి, ఎక్కడ ఎలా ఉందో అలాగే పెట్టేసి రావాలి. ఈ ఆట ఎలా పుట్టిందంటే, అంతకుముందు మామూలు జనానికి జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని చెడగొట్టి ఇచ్చే అమెరికా వాళ్ళు 2000 మే 2న ఆ పని మానేశారు, దాంతో ఏది ఎక్కడుందో ఇంకా కచ్చితంగా తెలియడం మొదలైంది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో అడవి పక్కన ఒక బకెట్ దాచి, పట్టుకోండి చూద్దాం అన్నాడు. అందులో బీన్స్ డబ్బా కూడా పెట్టాడు పాపం. ఇప్పుడైతే తిండి పెట్టకూడదు, జంతువులొస్తాయి. నాకు ఇది నేర్పింది సియాటిల్‌లో ఉండే మా పెదనాన్న కూతురు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని రూలట, అక్కడ దాచడానికి చోటు దొరక్క తంటాలు పడతారట. మా వైపు ఆ రూలుకి ఇంతవరకూ పనే పడలేదు.

ఇవాళ్టి డబ్బాకి ఇచ్చిన క్లూ ‘ఏనుగు పొట్ట కింద’. హైదరాబాద్ గుట్టల మీద ఏనుగులా లేని బండ ఏదో చూపించండి. ఫోను చూస్తే రాళ్ళ మధ్య పది మీటర్లు అటూ ఇటూ గెంతుతోంది. నలభై నిమిషాలు సీతాఫలం పొదల్లో మోచేతులు గీరుకుంటూ తిరిగాను. ఒక తొండ నన్నే చూస్తూ తలూపుతోంది. ఇవాళ నా పనికి తలూపిన ప్రాణి అదొక్కటే. చివరికి ఐదో ఏనుగు కింద దొరికింది. మూత క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక గోలీ, ఒక బొత్తాం, కాలు విరిగిన డైనోసార్ బొమ్మ, పెన్సిల్ ముక్క, చిన్న నోట్‌బుక్. నాకంటే ముందు పేరు రాసినాయన వచ్చి ఏడాది దాటింది. ఆ సంతోషం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. పెన్సిల్ తీసుకుని నా పేరు సగం రాశానో లేదో,

"ఏందమ్మా, ఏం తవ్వుతున్నవ్?"

వాకింగ్ అంకుల్. తెల్ల బూట్లు, చేతిలో కుక్కల కోసం కర్ర.

"తవ్వట్లేదండీ, ఇదొక ఆట."

"ఆటనా? ఎవరితోని?"

"ఒక్కదాన్నే."

అక్కడ దొరికిపోయాను. "ఒక్కదానివే వచ్చినవా? మీ సారు రాలే?"

తవ్వి పాతిపెట్టకూడదని ఈ ఆటలో రూలే ఉందని చెప్పాను. వినలేదు. ఇంకో ఇద్దరు అంకుల్స్ వచ్చారు. ఒకాయన దూరం నుంచే "నిమ్మకాయలు గిట్ల ఉన్నయేమో చూడుండ్రి" అన్నాడు. ఇంకొకాయన నా చేతిలోంచి డబ్బా లాక్కుని, డైనోసార్‌ని తిరగేసి, పొట్ట కింద ‘మేడ్ ఇన్ చైనా’ అని చదివి, మిగిలిన ఇద్దరి వైపు అదోలా చూశాడు. ఫొటో ఎప్పుడు తీశారో నాకు తెలియదు. డబ్బా మాత్రం గుట్ట కింద సెక్యూరిటీ గదికి పోయింది.

భయం అంటారా, ఒప్పుకుంటాను. 2007లో గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ళు చూసిన ఊరిది. దిక్కులేని డబ్బా కనిపిస్తే గుండె ఆగుతుంది. విదేశాల్లో కూడా ఈ డబ్బాల్ని చూసి బాంబు స్క్వాడ్‌ని పిలిచిన సందర్భాలున్నాయి. కానీ బాంబు అనుకున్నవాడెవడైనా దాన్ని చంకలో పెట్టుకుని నడుస్తాడా?

ఇక నిధి అంటారా? ఇంటికొచ్చి చట్టం కూడా చూశాను, కోపం అలాంటిది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. గోలీ, బొత్తాం, కాలు లేని డైనోసార్ కలిపి పది దాటుతాయంటారా? దాటితే చెప్పండి, రేపే దరఖాస్తు పెట్టుకుంటాను.

అసలు మండింది ఎక్కడో చెప్తాను. నాకు యాభై అడుగుల దూరంలో ముగ్గురు కుర్రాళ్ళు పొద్దున ఎనిమిదిన్నరకే బీరు సీసాలు పక్కన పెట్టుకుని బండ మీద పడుకుని ఉన్నారు. అంకుల్స్ వాళ్ళ పక్కనుంచే నడిచి నా దగ్గరికొచ్చారు. "మీ మేడమ్ రాలే?" అని వాళ్ళని ఎవరూ అడగలేదు. పగిలిన సీసాల ఫొటో కూడా గ్రూపులో రాలేదు.

గుట్ట మీద అంత ప్రేముంటే ఇంకోటి అడుగుతాను. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అటువైపు సగాన్ని మూడేళ్ళలో లారీలకెత్తేశారు. పేలుళ్ళకి మా వంటింటి కిటికీ అద్దం పగిలింది. అప్పుడు ‘తవ్వుతున్నారు, జాగ్రత్త’ అని ఈ గ్రూపులో ఒక్క మెసేజ్ చూపించండి. అక్కడి ఫ్లాట్ల బ్రోచర్ వచ్చినప్పుడు మాత్రం ‘రాక్ వ్యూ అంట, సూపర్’ అని చప్పట్లు కొట్టారు. ఏ రాక్ అండీ? వ్యూకి కాస్త మిగిల్చారా?

మా ఆయన ఫోన్ చేశారు. "నీకెందుకీ చిన్నపిల్లల ఆటలు? అంతగా వెళ్ళాలనుంటే ఆదివారం నేను తీసుకెళ్ళేవాణ్ణి కదా" అన్నారు. ఆదివారం ఈయన పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా మోకాలికి పట్టీ వేసుకుని క్రికెట్ ఆడతారు. వయసు 41. దాని పేరు ఫిట్‌నెస్.

సైకిల్ సంగతి ఎత్తకూడదనుకున్నాను. ఎత్తుతున్నాను.

2012లో పెళ్ళయి ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు నా సైకిల్ తెచ్చుకున్నాను. నీలం రంగు లేడీబర్డ్, నా మొదటి జీతంతో కొన్నది. ఆర్నెల్ల తర్వాత పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి సైకిల్ లేదు, పాలబ్బాయికి ఇచ్చేశారు. కోడలు పొద్దున్నే పనీ పాటా లేకుండా సైకిల్ తొక్కుకుంటూ తిరుగుతుంటే చూసేవాళ్ళేమనుకుంటారు అన్నారు. ఆయన "స్కూటీ కొంటాలే" అన్నారు. 2015లో కొన్నారు కూడా. దాంతోపాటు కూరగాయలు, పిల్లల ట్యూషన్లు, అత్తయ్య కంటి డాక్టరు, అన్నీ నా ఖాతాలోకి వచ్చాయి. స్కూటీ మీద నేను ఊరంతా తిరిగినా ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనుకోలేదు. ముందు సంచి ఉంది కదా. ఇవాళ కూడా ఒక సంచి పట్టుకుని "సీతాఫలాలు కోస్తున్నానండీ" అంటే అంకుల్స్ పక్కకి తప్పుకునేవాళ్ళు, ఇంకో చెట్టు కూడా చూపించేవాళ్ళు.

ఆ పాలబ్బాయి ఆర్నెల్లకే దాన్ని పాత సామాన్లకి అమ్మేశాడు. అది ఇంకో పోస్టు.

సాయంత్రం సెక్యూరిటీ గదికి వెళ్ళాను. గార్డు డబ్బాలో ఖైనీ, సున్నం పెట్టుకున్నాడు. డైనోసార్ కిటికీలో నిలబడి ఉంది, దాన్ని ఉంచుకోమన్నాను. డబ్బా మాత్రం ప్రెసిడెంటు గారు చెబితేనే ఇస్తాడట. యాప్‌లో ‘దొరికింది’ అని వేయాలా వద్దా తెలియట్లేదు, రూలు ప్రకారం సంతకం ఉండాలి, నాది సగమే ఉంది. అందుకని ఇందాక గ్రూపులో రాశాను: "ఫొటోలో ఉన్నది నేనే. ఫ్లాట్ 302. డబ్బా ఇప్పించండి, పేరు పూర్తి చేసి దాని చోట పెట్టి వస్తాను."

64 మంది చూశారు. ఒకరు బొటనవేలు పెట్టి, రెండు నిమిషాల్లో తీసేశారు. దాని కింద వచ్చిన మెసేజ్: "రేపు ఉదయం 6 నుంచి 10 వరకు నీళ్ళు రావు, సహకరించగలరు."