‘పేగులు గట్టిపడేదాకా పాలు పట్టొద్దు’ అనే మాట ఎంత తప్పో

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రుల మధ్య ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘ఇలాంటి బిడ్డకు పేగులు పచ్చిగా ఉంటాయి. అవి గట్టిపడేదాకా, కనీసం వారం పది రోజులు, నోట్లో చుక్క కూడా వేయకూడదు. కావలసినవన్నీ సెలైన్‌లోనే వెళ్తాయి. ముందే పాలు పడితే పేగు కుళ్లిపోతుంది. అయినా తల్లికి అప్పుడే పాలు పడవు, పడినా పలచగా ఉంటాయి, డబ్బా పాలతోనే బరువు పెరుగుతారు. ట్యూబులో పాలు మిగిలాయంటే అరగలేదని అర్థం, వెంటనే ఆపించండి.’

ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) బయట కూర్చున్న తల్లి ఇది చదివితే ఏమవుతుంది? లోపల డాక్టరు మొదటి రోజో రెండో రోజో ఒక మిల్లీలీటరు పాలతో మొదలుపెడదాం, పాలు పిండి ఇవ్వమ్మా అంటారు. చేతిలో ఫోను వద్దంటుంది. ఆ టెన్షన్‌లో ఆమె పాలు పిండడం మానేస్తే నష్టపోయేది బిడ్డే. అందుకే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

‘పేగులు పచ్చిగా ఉంటాయి’ అన్నది నిజమే. 37 వారాలు నిండకముందు, ముఖ్యంగా 32 వారాల లోపు పుట్టిన బిడ్డకు జీర్ణవ్యవస్థ పూర్తిగా తయారై ఉండదు. పేగు పొడవు ఎక్కువగా పెరిగేదే చివరి మూడు నెలల్లో. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము అప్పటికి తక్కువగానే ఉంటుంది. పేగు కదలికలు ఒక క్రమంలోకి వచ్చేసరికి దాదాపు 34 వారాలవుతుంది. చప్పరించడం, గుటక వేయడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కుదురుకునేది కూడా సుమారు 32 నుంచి 34 వారాల మధ్యే. అంతకంటే ముందు పుట్టినవారికి నోటి నుంచో ముక్కు నుంచో పొట్టలోకి వేసిన సన్నటి ట్యూబు ద్వారా పాలు ఇచ్చేది అందుకే.

మెసేజ్ దారి తప్పింది ఆ తర్వాత. పచ్చిగా ఉంది కాబట్టి ఖాళీగా ఉంచితే అదే గట్టిపడుతుందన్నది దాని లెక్క. పేగు అలా ఎదగదు. కడుపులో ఉన్న బిడ్డ పేగు కూడా ఊరికే ఉండదు. నాలుగో నెల దాటేసరికే బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది. నెలలు నిండే సమయానికి రోజుకు సుమారు అర లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మింగుతుంది. ఆ నీటిలో పేగు లోపలి పొర ఎదగడానికి తోడ్పడే పదార్థాలుంటాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ సరఫరా ఒక్కసారిగా ఆగిపోతుంది. అది ఆగిన చోట అందుకోగలిగినవి తల్లిపాలు. తల్లిపాలలోనూ పేగు ఎదుగుదలకు కావలసిన పదార్థాలుంటాయి, రక్షణ ఇచ్చే యాంటీబాడీలూ ఉంటాయి.

పాలు అసలు అందకపోతే ఏమవుతుందో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించింది. రక్తనాళం ద్వారా పూర్తి పోషణ అందుతున్నా, కొద్ది రోజుల్లోనే పేగు లోపలి పొర పలచబడింది. మరోవైపు, కొద్దిపాటి పాలు పేగులోకి వెళ్లినా ఎదుగుదలకు, కదలికలకు కావలసిన హార్మోన్లు ఊరడం మొదలవుతుంది. పాలు త్వరగా మొదలైన పిల్లల్లో లాక్టేజ్ కూడా త్వరగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇలా మొదట్లో ఇచ్చే పాలు ఆకలి తీర్చడానికి కాదు, పేగును పనిలో పెట్టడానికి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. కిలో బరువున్న బిడ్డకు రెండు గంటలకోసారి ఇస్తే పూటకు ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్లన్నమాట. ఇంత కొంచెం ఇచ్చి ఏం లాభం అని చాలామంది అడుగుతారు. లాభమంతా ఆ కొంచెంలోనే ఉంది.

ఈ ‘ఆకలితో ఉంచడం’ ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో డాక్టర్లే చాలాచోట్ల ఈ పద్ధతి పాటించారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయనే భయంతో రెండు మూడు రోజులు ఏమీ ఇచ్చేవారు కాదు. పిల్లల ఒంట్లో నీరు తగ్గిపోయేది, రక్తంలో చక్కెర పడిపోయేది, కామెర్లు ముదిరేవి. ఆక్స్‌ఫర్డ్‌లో విక్టోరియా స్మాల్‌పీస్, పమేలా డేవిస్ అనే డాక్టర్లు ఇలాంటి పిల్లలకు పుట్టిన రెండు గంటల్లోపే, నీళ్లు కలపని తల్లిపాలు ట్యూబు ద్వారా ఇవ్వడం మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని 1964లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ మెసేజ్ మనల్ని అంతకు ముందు కాలానికి తీసుకుపోతోంది.

‘సెలైన్‌లోనే అన్నీ వెళ్తాయి’ అన్నదానికి జవాబు చిన్నదే. మామూలు సెలైన్, గ్లూకోజు అంటే ఉప్పూ చక్కెరా కలిసిన నీళ్లు. వాటిలో ప్రోటీను లేదు, కొవ్వు లేదు. అవి కూడా ఉండే రక్తనాళపు పోషణ వేరు, దాన్ని టీపీఎన్ అంటారు. బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు మొదటి రోజుల్లో అది ప్రాణాధారం, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అది పేగును తాకదు. పైగా దాని కోసం పెట్టిన లైను ఎన్ని రోజులుంటే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం అంత పెరుగుతుంది. ఎక్కువ కాలం సాగితే కాలేయమూ దెబ్బతినవచ్చు. అందుకే రెండూ కలిపి నడుపుతారు. పాలు పెరిగేకొద్దీ టీపీఎన్ తగ్గిస్తూ వస్తారు.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. పేగు కుళ్లిపోవడం అంటూ మెసేజ్ చెబుతున్నది నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అనే జబ్బు గురించి. ఎన్‌ఐసీయూల్లో ఎన్‌ఈసీ అంటారు. ఇది కట్టుకథ కాదు, ప్రాణాలు తీసే జబ్బు. 1500 గ్రాముల లోపు పుట్టినవారిలోనే ఎక్కువగా వస్తుంది. ఇది వచ్చిన పిల్లల్లో నూటికి 90 మందికి పైగా అప్పటికే పాలు మొదలైనవాళ్లు. భయమంతా ఈ లెక్క నుంచే పుట్టింది. కానీ పుట్టిన రెండు మూడు వారాలకు ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ పాలు మొదలయ్యే ఉంటాయి కదా! జబ్బుపడినవాళ్లంతా నీళ్లు తాగినవాళ్లే కాబట్టి జబ్బు నీళ్ల వల్లే వచ్చిందనడం లాంటిదే ఇదీ.

తేల్చుకోవాలంటే కొందరికి త్వరగా, కొందరికి ఆలస్యంగా పాలు ఇచ్చి పోల్చి చూడాలి. ఆ పనీ జరిగింది. బ్రిటన్, ఐర్లండ్ ఆస్పత్రుల్లో అడెప్ట్ పేరుతో ఒక అధ్యయనం చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. అందులో చేర్చుకున్నది మరీ సున్నితమైన పిల్లల్ని: నెలలు నిండకపోవడమే కాదు, కడుపులో ఎదుగుదల కూడా తగ్గి, బొడ్డుతాడులో రక్తప్రవాహం సరిగా లేదని స్కానింగ్‌లో తేలినవారు. మొత్తం 404 మంది. సగం మందికి రెండో రోజు, మిగతావారికి ఆరో రోజు పాలు మొదలుపెట్టారు. ముందు మొదలైనవారు సుమారు 18 రోజులకే పోషణంతా పాలతోనే అందే దశకు చేరుకున్నారు, మిగతావారికి 21 రోజులు పట్టింది. ఎన్‌ఈసీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత సిఫ్ట్ అనే ఇంకా పెద్ద అధ్యయనంలో 2,804 మందిని చూశారు. పాలను రోజుకు కిలోకు 18 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా, 30 చొప్పున పెంచినా ఎన్‌ఈసీలో గానీ, రెండేళ్ల వయసుకు పెద్ద వైకల్యం లేకుండా బతికినవారి సంఖ్యలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2019లో తేల్చారు. వీలైతే మొదటి రోజు నుంచే పాలు మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పాలు ఆపవలసిన సందర్భాలు లేవా? ఉన్నాయి. ఎన్‌ఈసీ వచ్చినా, పేగులో అడ్డంకి ఉన్నా, బీపీ పడిపోయి బిడ్డ నిలకడగా లేకపోయినా డాక్టర్లు ఆపుతారు. అది ఆ బిడ్డను చూసి తీసుకునే నిర్ణయం, అందరికీ కలిపి వారం పది రోజులని గీత గీయడం కాదు.

ఎన్‌ఈసీకి అంత భయపడిన మెసేజ్ ఆ వెంటనే డబ్బా పాలు పట్టమనడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. ఎన్‌ఈసీ విషయంలో పాలు ఎప్పుడు మొదలయ్యాయన్న దానికంటే ఏ పాలు అన్నదే ముఖ్యం. 1990లో లాన్సెట్‌లో లూకస్, కోల్ అనే పరిశోధకులు నెలలు నిండకుండా పుట్టిన 926 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. తల్లిపాలు మాత్రమే తాగినవారితో పోలిస్తే, డబ్బా పాలు మాత్రమే తాగినవారిలో ఎన్‌ఈసీ 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. రెండూ తాగినవారితో పోల్చినా 3 రెట్లు ఎక్కువ. డబ్బా పాలతో మొదట్లో బరువు కొంచెం త్వరగా పెరుగుతుందన్నది నిజమే. దాచాల్సిన పని లేదు. కానీ పాల బ్యాంకు నుంచి వచ్చే దాత పాలతో పోల్చినా డబ్బా పాలలో ఎన్‌ఈసీ ప్రమాదం దాదాపు రెట్టింపు. గ్రాముల కోసం పేగును పణంగా పెట్టడం ఏ రకంగా లాభం?

నెలలు నిండకుండా ప్రసవించిన తల్లి పాలు పలచగా ఉంటాయన్నదీ తప్పే. మొదటి వారాల్లో ఆ పాలలో ప్రోటీను, నెలలు నిండాక ప్రసవించిన తల్లి పాలలో కంటే ఎక్కువే ఉంటుంది. అయితే ఇలాంటి బిడ్డకు రోజుకు కిలోకు 3.5 నుంచి 4 గ్రాముల దాకా ప్రోటీను కావాలి. కాల్షియం, భాస్వరం కూడా ఎక్కువ కావాలి, ఎందుకంటే కడుపులో అవి ఎముకల్లోకి చేరేది ముఖ్యంగా చివరి మూడు నెలల్లోనే. ఏ తల్లిపాలైనా ఆ లెక్కను పూర్తిగా అందుకోలేవు. అందుకే 32 వారాల లోపు, లేదా 1500 గ్రాముల లోపు పుట్టినవారికి అవసరాన్ని బట్టి తల్లిపాలలోనే ఫోర్టిఫయర్ అనే పోషకాల మిశ్రమం కలుపుతారు. పాలకు బలం చేర్చడం వేరు, పాలనే మార్చేయడం వేరు.

‘అప్పుడే పాలు పడవు’ అన్న మాట విని ఊరుకుంటే అదే నిజమవుతుంది. ప్రసవమైన మొదటి కొన్ని గంటల్లోనే పిండడం మొదలుపెట్టి, రాత్రి కూడా కలుపుకుని రోజుకు ఎనిమిదిసార్లు పిండాలి. మొదట నాలుగు చుక్కల ముర్రుపాలే వస్తాయి. బిడ్డకు మొదటి రోజు కావలసిందీ అంతే. వాటిని పారబోయకండి, నర్సుకు ఇవ్వండి. ట్యూబులో పాలు ఇంకా మొదలుకాకపోయినా, ఆ చుక్కలను బిడ్డ బుగ్గల లోపల రాయడం చాలా ఎన్‌ఐసీయూల్లో చేస్తున్నారు.

చివరిది, ట్యూబులో మిగిలిన పాల సంగతి. ఈ వయసులో పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, కాబట్టి కొంత పాలు మిగలడం మామూలే. పొట్టలో ఎంత మిగిలిందోనని ప్రతిసారీ ట్యూబులోంచి లాగి చూసే అలవాటు వల్లే పాలు అనవసరంగా ఆగుతున్నాయని గమనించి, దాన్ని మానుకున్న ఎన్‌ఐసీయూలు ఉన్నాయి. భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి: ఆకుపచ్చ పసరు రావడం, పొట్ట ఉబ్బి బిగుసుకుపోవడం, విరేచనంలో రక్తం, బిడ్డ ఉన్నట్టుండి డీలా పడడం, ఊపిరి మధ్యమధ్యలో ఆగడం. వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే నర్సుకు చెప్పండి. అవేవీ లేనప్పుడు డాక్టరును ‘పాలు ఆపండి’ అని అడగకండి. ఈ రోజు ఎన్ని మిల్లీలీటర్లు ఇచ్చారు, ఎవరి పాలు, రేపు ఎంత పెంచుతారు అని అడగండి.