బడి రికార్డును డబ్బుల జల్లెడగా మార్చవద్దు

సార్వత్రిక కనీస ఆదాయం, అంటే ప్రభుత్వం ఏ షరతూ లేకుండా అందరికీ ఇచ్చే సొమ్ము గురించి ఒకచోట, విద్యార్థుల సమాచార వ్యవస్థల గురించి మరొకచోట చర్చించుకుంటాం గాని, గుంటూరులో పిల్లల్ని బడికి పంపే తల్లికి ఈ రెండూ కలిసేది తన బ్యాంకు ఖాతాలోనే. 2020లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం అమ్మఒడి తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించింది. 2025లో తల్లికి వందనం పథకం ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డకూ అంతే మొత్తం ప్రకటించి, 2,000 మినహాయించి 13,000 జమ చేసింది. రెండింటి ఉద్దేశమూ మంచిదే. నా బాధంతా మధ్యలో పెట్టిన జల్లెడ గురించే.

నల్లచెరువు వైపు అద్దెకుండే ఒకావిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతున్నారంటూ ఆమెను అనర్హురాలిగా తేల్చారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు లైట్లు, ఒక ఫ్యాను. ఎవరిదో మీటరు ఆమె ఆధార్‌కు ముడిపడింది. దాన్ని తీయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి పూటా కూలి పోగొట్టుకుంది. అనర్హులను ఏరడానికి పెట్టిన నిబంధన అర్హురాలినే ఏరి పారేసింది.

అందరికీ ఇచ్చే ఆదాయంలో ఈ ఏరివేత ఉండదు; దాని అసలు బలం అదే. ఉన్నవాళ్లకూ ఇవ్వాలా అని అడిగేవారికి నా సమాధానం, వారి దగ్గర పన్ను రూపంలో తిరిగి తీసుకోవచ్చని. అయితే ఖర్చు చిన్నది కాదు. 2016-17 ఆర్థిక సర్వే మనిషికి ఏడాదికి 7,620 రూపాయల చొప్పున జనాభాలో 75 శాతానికి ఇవ్వాలన్నా జీడీపీలో 4.9 శాతం కావాలని లెక్క వేసింది. అంటే నెలకు 635 రూపాయలు. అంత చిన్న మొత్తం చేతిలో పెట్టి రేషనును, మధ్యాహ్న భోజనాన్ని ఎత్తివేస్తే పేదవాడు నష్టపోతాడు. అందుకే ముందు పిల్లలందరికీ, ఏ వడపోతా లేకుండా ఇచ్చి చూడాలంటాను.

ఇక విద్యార్థుల సమాచారం సంగతి. దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర విద్యాశాఖ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి ఒక్కొక్క విద్యార్థి వివరాలు విడివిడిగా నమోదవుతున్నాయి. దీని విలువ తెలియాలంటే మిరప కోతల కాలంలో మన పల్లెలకు రావాలి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కూలికి వస్తాయి, పిల్లలూ వెంట వస్తారు. సొంతూరి బడి వదిలి మరో బడిలో చేరని పిల్లల పేర్లు అందులోనే డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో కనిపిస్తాయి. ఎక్కడ చదువుతున్నారో తెలియని బిడ్డ జాడ తీయడానికి ఇంతకు మించిన సాధనం బడి దగ్గర లేదు.

అదే రికార్డుకు డబ్బు ముడిపెట్టగానే దాని స్వభావం మారిపోతుంది. 75 శాతం హాజరు ఉంటేనే సొమ్ము అన్న షరతు ఉన్నచోట, పది రోజులు జ్వరంతో పడుకున్న పిల్లవాడికి ఆబ్సెంటు వేయాలంటే ఏ మాస్టారికైనా చెయ్యి ఆడదు. వేస్తే ఆ ఇంటికి అన్యాయం, వేయకపోతే రికార్డు అబద్ధం. పైగా పాఠం చెప్పాల్సిన పూట ఆధార్‌లో పేరు, బడిలో పేరు కలపడానికే సరిపోతోంది. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రయోజనం నిరాకరించరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా, ఆచరణలో పక్కకు పోయేది ఆ మాటే.

కాబట్టి హాజరు షరతును, కరెంటు మీటరు షరతును తీసివేసి బిడ్డ వయసును బట్టి సొమ్ము ఇవ్వాలి. డ్రాప్‌బాక్స్ జాబితాను కోతలు మొదలయ్యే నాటికి మండల విద్యాశాఖాధికారుల చేతికిచ్చి, చేల గట్ల మీద ఉన్న పిల్లలను దగ్గరలోని బడిలో కూర్చోబెట్టే బాధ్యత వారికి అప్పగించాలి.