రోజుకు రెండు గంటలు, నెలకు 30 వేలు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

‘గృహిణులకు శుభవార్త’ అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి కాలనీ గ్రూపుల్లో, పిల్లల స్కూల్ గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదీ: ఇంట్లో ఉండే ఆడవాళ్లకు రోజూ నాలుగైదు గంటలు ఖాళీయే. అందులో రెండు గంటలు ఫోన్ మీద పనిచేస్తే నెలకు 30 వేలు వస్తాయి. చీటీలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు తెలివితక్కువ పని, బీరువాలో పడి ఉన్న బంగారం మీద లోన్ తీసుకుని ట్రేడింగ్‌లో పెట్టాలి. నలుగురిని చేర్పిస్తే కూర్చున్న చోటికే కమీషన్ వస్తుంది. ఇప్పుడే ఇంట్లో చెప్పొద్దు, సంపాదించాక సర్‌ప్రైజ్ ఇవ్వండి.

జీతం చాలక ఇంకో నాలుగు రూపాయలు సంపాదించాలని చూసేవాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జూన్ వచ్చిందంటే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, ఆటో అడ్వాన్సు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ నెల ఎలా గడుస్తుందో ఇల్లు నడిపేవాళ్లకే తెలుసు. అవసరం నిజమైనది కాబట్టే, దాన్ని ఆసరా చేసుకుని చెప్పే అబద్ధాలకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి.

‘నాలుగైదు గంటలు ఖాళీ’

మిగతా మాటలన్నీ దీని మీదే నిలబడ్డాయి, అందుకే ముందు దీని సంగతి చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. వంట, అంట్లు, బట్టలు, ఊడవడం, తుడవడం లాంటి జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి సగటున రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దవాళ్లను చూసుకునే పని దీనికి అదనం. అందులో ఆడవాళ్ల వాటా 137 నిమిషాలు, మగవాళ్లది 75. రెండూ మీద ఉన్న ఇల్లాలికి ఈ సగటుల లెక్కనే రోజుకు ఏడు గంటల పైన పని.

ఇక ఆ మిగిలిన ‘ఖాళీ’ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడండి. మధ్యాహ్నం రెండింటికి గిన్నెలు సర్దాక కూర్చుంటే, గ్యాస్ అబ్బాయి వచ్చి ఓటీపీ అడుగుతాడు. నీళ్లొచ్చే టైము అయితే మోటార్ వేసి, ట్యాంకు నిండేదాకా ఓ చెవి అటే పెట్టి ఉంచాలి. మామగారికి మూడింటికి మాత్ర. ఇంకాసేపటికి స్కూల్ ఆటో. నడుమ దొరికేది పావుగంట ఒకచోట, ఇరవై నిమిషాలు ఇంకోచోట. ఎవరి కింద ఏ పని చేసినా, డబ్బులిచ్చే మనిషి ఇలా తెగిపోయిన పావుగంటలకు డబ్బులివ్వడు. అడిగిన టైముకు పని అందాలి.

కాబట్టి ఇంట్లో ఆడమనిషి సంపాదనకు దిగుతుందంటే, ఆమె చేస్తున్న పనిలో కొంత ఇంకొకరు తీసుకోవాలి. సాయంత్రం పిల్లల హోంవర్క్ నాన్న చూసుకుంటాడా, రాత్రి వంటింటి పని ఎవరు ముగిస్తారు, అత్తగారికి చేతనైన పని ఏది? ఈ మాటలు ముందే తేల్చుకున్న ఇళ్లలో చిన్న సంపాదన నిలబడుతుంది. తేల్చుకోని ఇళ్లలో నిద్ర తగ్గించుకుని చేస్తారు, ఒంట్లో బాగోక కొన్నాళ్లకు మానేస్తారు. మెసేజ్ రాసినవాడు ఇంటి పనిని పనిగా లెక్కే వేయలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

‘ఫోన్ మీద రెండు గంటలు, నెలకు 30 వేలు’

నిజంగా ఇంటి నుంచి సంపాదించే పని ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. లైనింగ్ బ్లౌజ్ కుట్టడం అనుకోండి. కూలి 450 రూపాయలు. లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు, కరెంటు కలిపి 100 పోతే మిగిలేది 350. కొలతలు తీసుకుని కటింగ్ చేయడం, మిషన్ మీద కుట్టడం, తర్వాత చేత్తో హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, అన్నీ కలిపితే చెయ్యి తిరిగిన మనిషికి కూడా మూడు గంటలు పడుతుంది. అంటే గంటకు 115 రూపాయల పైచిలుకు. చంక దగ్గర బిగుతైందని వెనక్కి తెచ్చినవి మళ్లీ విప్పి కుట్టడం ఇందులో లేదు. ఈ లెక్కన నెలకు 30 వేలు రావాలంటే 86 బ్లౌజులు కుట్టాలి. ఆదివారం కూడా లేకుండా రోజుకు దాదాపు మూడు, తొమ్మిది గంటల పని. మీ ఊళ్లో కూలి వేరేగా ఉంటే ఆ అంకె వేసి చూసుకోండి.

ఏళ్ల తరబడి నేర్చుకున్న చేతిపనికి వచ్చేదే ఇంత. ఏ నేర్పూ అక్కర్లేని పనికి, రోజుకు రెండు గంటలకు, నెలకు 30 వేలు ఎవరిస్తారు? ఎందుకిస్తారు?

ఇవ్వరు. అసలు జరిగేది ఇలా ఉంటుంది. హోటళ్లకు రేటింగ్, వీడియోలకు లైకు కొట్టమని టెలిగ్రామ్ గ్రూపులో చేర్చుకుంటారు. మొదటి రోజు నూట యాభయ్యో రెండొందలో నిజంగానే అకౌంట్‌లో పడతాయి. నమ్మకం కుదిరేది అక్కడే. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటూ వెయ్యి కట్టించుకుని పదమూడొందలు ఇస్తారు. ఆ తర్వాత 5 వేలు, 20 వేలు. స్క్రీన్ మీద మీ పేరిట లక్ష కనిపిస్తుంది కానీ తీసుకోవడానికి రాదు. టాస్క్ తప్పు చేశారని, క్రెడిట్ స్కోర్ పడిపోయిందని, టాక్స్ కట్టాలని మళ్లీ మళ్లీ అడుగుతారు. గ్రూపులో ‘నాకు డబ్బులొచ్చాయి’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లూ వాళ్ల మనుషులే.

డేటా ఎంట్రీ పేరుతో ఇంకో రకం ఉంది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు, పని చేశాక తప్పులు ఎక్కువున్నాయంటారు. తర్వాత ‘లాయర్’ ఫోన్ చేసి జరిమానా కట్టకపోతే కేసు అంటాడు. వీటన్నిటికంటే ప్రమాదం మీ బ్యాంకు ఖాతాను వాళ్ల డబ్బు తిప్పడానికి వాడుకోనివ్వమనడం. కమీషన్ ఇస్తామంటారు. ఇంకెవరినో మోసం చేసిన డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది, ఖాతా ఆగిపోతుంది, పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

ఫోన్ ద్వారా వచ్చే పనులన్నీ మోసమని నేను అనడం లేదు. ట్యూషన్లు ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లున్నారు, అనువాదాలు, అకౌంట్లు రాసేవాళ్లున్నారు. వాళ్లెవరూ పని ఇవ్వమని ఎదురు డబ్బు కట్టలేదు. పని ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడే ఆగిపోవచ్చు.

‘చీటీలు, ఎఫ్‌డీలు వద్దు, బంగారం పెట్టి ట్రేడింగ్ చేయండి’

ఇందులో పావలా నిజం ఉంది. ఎఫ్‌డీ వడ్డీ చాలాసార్లు ధరల పెరుగుదలను అందుకోలేదు. పదిహేనేళ్ల తర్వాతి చదువు ఖర్చుకు అదొక్కటే చాలదు. అయితే ఎఫ్‌డీ చేసే పని వేరు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే చేతికి అందే డబ్బు అది. ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఇంటిల్లిపాది మూడు నాలుగు నెలల ఖర్చు అలాంటి చోట ఉండి తీరాలి.

చీటీల్లోనూ తేడా చూడాలి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ అనుమతితో నడిచే చీటీకి నిర్వాహకుడు చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ చూపాలి, కమీషన్ 7 శాతం మించకూడదు. పక్కింటి పరిచయం మీద, ఓ నోటుబుక్కు మీద నడిచే చీటీకి ఇవేవీ ఉండవు. అవి నడిపినవాళ్లు ఐపీ పెట్టి వెళ్లిపోవడం మన ఊళ్లకు కొత్త కాదు. చీటీ వేసేముందు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. కానీ చీటీ వేసేవాళ్లంతా తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. కూతురి పెళ్లికి, ఇంటి స్లాబుకు పనికొచ్చిన పొదుపు అది.

ఇక ట్రేడింగ్. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అంటే ధర ముందుముందు పెరుగుతుందా తగ్గుతుందా అని అంచనా మీద చేసే ట్రేడింగ్‌లో, దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి పోయింది దాదాపు 2 లక్షలు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ మరుసటి ఏడాదీ నూటికి 91 మందికి నష్టమే. ఏళ్ల తరబడి నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేసుకోవడం వేరు, ఇది వేరు. మెసేజ్‌లు రెండిటినీ కావాలనే కలిపేస్తాయి.

దీనికి బంగారం తాకట్టు పెట్టమనడం మరీ ఘోరం. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా లక్షకు నెలకు వెయ్యి. ట్రేడింగ్‌లో పోయినా ఆ వడ్డీ ఆగదు. గడువు దాటితే నోటీసు, ఆ తర్వాత వేలం. చాలా ఇళ్లలో భార్య చేతిలో తనదంటూ ఉన్న ఆస్తి పుట్టింటివాళ్లు పెట్టిన ఆ నాలుగు నగలే. కుట్టుమిషనుకో గ్రైండరుకో డబ్బు కావాలంటే డ్వాక్రా సంఘం ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం సంఘానికి ఇచ్చే రుణం 20 లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగకూడదు. పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు అక్కడ అడగాలి.

‘నలుగురిని చేర్పిస్తే కమీషన్’

సరుకు అమ్మినందుకు కాకుండా మనుషుల్ని చేర్పించినందుకు డబ్బిచ్చే పథకం 1978 నాటి చట్టం కిందే నేరం. దీని గురించి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లాట్లు, పెద్ద రాబడి ఆశ చూపి ఏజెంట్ల ద్వారా జనం డబ్బు కట్టించుకున్న అగ్రిగోల్డ్ కేసులో ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) చెప్పిన లెక్క: 19 లక్షల మందికి పైగా, దాదాపు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు. ఆ డబ్బు కట్టించుకున్న ఏజెంట్లలో ఎక్కువమంది అదే వీధివాళ్లు, అదే చుట్టాలు. కంపెనీ మునిగాక ముఖం చూపించలేకపోయింది కూడా వాళ్లే. మీరు చేర్పించబోయే ఆ నలుగురూ ఎవరో పేర్లు రాసుకుని చూడండి. మీ చెల్లెలు ఉంటుంది, పనిమనిషి ఉంటుంది.

‘ఇంట్లో చెప్పకండి’

మెసేజ్ మొత్తంలో అసలు కీలకం ఈ మాటే. పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు ఇంట్లో చెప్పకుండా అమ్మలేరు. ఆవకాయ జాడీలు దాచలేం కదా. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించాలి, కాయలు కొట్టించాలి, బరువులు మోయాలి, అందరి చెయ్యీ పడుతుంది. ఐటీ రిటర్ను వేయాల్సినంత ఆదాయం వస్తే అందులో చూపించాలి. ఇంట్లో చెప్పకూడని సంపాదన అంటూ ఉందంటే, చెబితే ఎవరో ఒకరు ‘ఆగు’ అంటారని ఆ మెసేజ్ పంపినవాడికి తెలుసు.

డబ్బు పోయాక ఇదే మాట ఇంకోలా పనిచేస్తుంది. ముందు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెప్పడానికి భయం. పోయిన 20 వేలు రాబట్టుకోవాలని ఇంకో 40 వేలు అప్పు చేస్తారు. మోసగాడికి కావలసింది ఆ నాలుగు రోజుల మౌనమే. ఈలోపు డబ్బు ఖాతాలు మారిపోతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే, ఇంకా ఏదో ఖాతాలో ఉన్న డబ్బును ఆపే వీలుంటుంది. చాట్‌లు, లావాదేవీ నంబర్లు డిలీట్ చేయకుండా ఉంచుకోవాలి. ‘ఇంకో 10 వేలు కడితే మొత్తం వెనక్కిస్తాం’ అంటే ఒక్క రూపాయి కూడా కట్టకూడదు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. భార్యో, అమ్మో, చెల్లో వచ్చి ‘డబ్బు పోయింది’ అని చెబితే ఎందుకు కట్టావు, ఎవరినడిగి కట్టావు అనే ప్రశ్నలు ఆ పూటకు పక్కనపెట్టండి. ఆమె ఫోన్ తీసుకుని, పక్కన కూర్చుని, ముందు 1930కి చేయండి.