పదిహేడేళ్ల వృద్ధులకు ఒక విన్నపం

పరుగు పందేల్లో క్రమశిక్షణ నానాటికీ కొరవడుతోంది. పదహారు, పదిహేడేళ్లకే రికార్డులు బద్దలుకొట్టిన కుర్రాళ్లు ఆ తరవాత మన అనుమతి లేకుండా నెమ్మదిస్తున్నారు. ఇంకొందరైతే మనం సంతాప వ్యాసం రాసేశాక మళ్లీ వేగం పుంజుకుంటున్నారు. ఇది మరీ ఘోరం.

జపాన్ కుర్రాడు యోషిహిదె కిర్యూనే తీసుకోండి. 2013లో, ఇంకా బడికి వెళుతున్న పదిహేడేళ్ల వయసులో 100 మీటర్లు 10.01 సెకన్లలో పరుగెత్తాడు. పది సెకన్ల గీత దాటింది మాత్రం 2017 సెప్టెంబరులో, 9.98తో. సెకనులో మూడు వందో వంతులు తగ్గించడానికి నాలుగేళ్ల పైమాటే! దాన్ని రెప్పపాటు అనడానికీ లేదు, రెప్ప వాల్చి ఎత్తడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావని సోఫాలో కూర్చున్న మేమందరం నిలదీశాం. పరుగెత్తుతూనే ఉన్నాడట. అదీ ఒక జవాబేనా? అంతకుముందు జపాన్‌లో ఏ వయసువాడూ పది సెకన్లలోపు రాలేదన్నది ఇక్కడ అప్రస్తుతం.

అసలు ప్రతిభను మేం గుర్తించే పద్ధతి శాస్త్రీయమైనది. మీసం వచ్చిన పదిహేనేళ్లవాడు, ఇంకా గొంతు మారని పదిహేనేళ్లవాణ్ణి ఓడిస్తే దాన్ని మెరుపు అంటాం. రెండేళ్లకు రెండోవాడికీ మీసం వస్తుంది. అప్పుడు మొదటివాడు పతనమయ్యాడంటాం. ఇందులో మీసాన్ని తప్పుపట్టిన విశ్లేషకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

స్టార్టింగ్ బ్లాకుల్లో ఒంగి ఉన్న అలాంటి కుర్రాణ్ణి ఒకసారి దగ్గరగా చూడండి. గీత వెనక ఆనించిన వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. తొడ వెనక అతికించిన పట్టీ అంచు చెమటకు లేచిపోయింది. ఆ పట్టీ కింద కండరం పోయిన నెలే పట్టేసింది. ‘కాబోయే బోల్ట్’ అన్న బిరుదు మనం ఉచితంగానే ఇచ్చాం కదా, మోయడానికి ఏం నొప్పి?

నిజానికి బోల్ట్ కూడా నమ్మదగ్గ మనిషి కాదు. 2004లో పదిహేడేళ్లకే 200 మీటర్లు 19.93లో ముగించాడు. జూనియర్లలో 20 సెకన్లలోపు వచ్చిన మొదటివాడు. అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గాయంతో తొలి రౌండ్‌లోనే వెనుదిరిగాడు. ఆరిపోయిన తారాజువ్వ అని రాసుకోవడానికి ఎంత చక్కటి అవకాశం! 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58లో పరుగెత్తి దాన్ని కాస్తా చెడగొట్టాడు. అమెరికా పరుగువీరుడు ట్రేవాన్ బ్రోమెల్ కూడా ఆ కోవలోవాడే. 2014లో పద్దెనిమిదేళ్లకు 100 మీటర్లలో 9.97, ఆ తరవాత మడమ స్నాయువుకు శస్త్రచికిత్సలు. మర్యాదస్తుడైతే అక్కడితో ఆగేవాడు. 2021లో 9.76 పరుగెత్తాడు. ఇక కరీబియన్ దీవుల పరుగువీరుడు కిమ్ కాలిన్స్ నలభై ఏళ్లకు అదే దూరంలో 9.93 సాధించాడు. అతని విషయంలో ఏ నిబంధన కింద చర్య తీసుకోవచ్చో పరిశీలిస్తున్నాను.

ఈ అరాచకం ఆగాలంటే పదహారేళ్లు నిండిన ప్రతి పరుగువీరుడూ తన పతనం తేదీని ముందుగానే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆస్ట్రేలియా కుర్రాడు గౌట్ గౌట్ 2024 డిసెంబరులో, పదహారేళ్లకే 200 మీటర్లు 20.04లో పరుగెత్తి, 1968 నుంచి నిలిచి ఉన్న పీటర్ నార్మన్ జాతీయ రికార్డును చెరిపేశాడు. అతని మీద నా వ్యాసాలు రెండూ సిద్ధంగా ఉన్నాయి. మొదటిది అప్పుడే అచ్చయింది. రెండోదానిలో తేదీ ఒక్కటే ఖాళీ.